కుడివైపు పతకాలు

తలుపు సగం తెరుచుకుని ఆగిపోయింది. బూటు అడ్డుపడింది.

నల్ల బూటు. మొహం చూసుకోవచ్చు, అంత పాలిష్. ఆ బూటులో కాలుంది.

సమయం సరిగ్గా తొమ్మిది. తలుపు తోసిన మనిషి చంకలో ఫైలుంది. అతను సంరక్షణ భత్యం ఆఫీసు పరిశీలకుడు. లేవలేని మాజీ సైనికులు ఇంట్లో సాయానికి మనిషిని పెట్టుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే డబ్బు అది. ఎవరికివ్వాలో చూసి రాయడం అతని పని. ఇవ్వక్కర్లేదని రాయడంలో ఆరితేరినవాడు.

తొమ్మిదీ ఇరవైకి ఇన్‌స్పెక్టర్ దిగింది. స్టేషన్లో ఆమెను చాటుగా కందిరీగ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. మార్చుకునే ఉద్దేశం లేదు.

చనిపోయినాయన డెబ్బై తొమ్మిదేళ్ల సార్జెంట్. వీధిలో అందరికీ సెల్యూట్ తాత. రెండేళ్ల కిందట పక్షవాతంతో కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. అలాంటి మనిషి ఇస్త్రీ చొక్కా, నీలం కోటు వేసుకుని గుమ్మం లోపల వెల్లకిలా పడి ఉన్నాడు. చెప్పుల స్టాండు అంచుకు నెత్తురు. కోటు మీద, కుడివైపు, ఐదు పతకాలు.

"ఎనిమిదిన్నరకీ తొమ్మిదికీ మధ్య పోయాడు," అన్నాడు డాక్టర్. "తల వెనక దెబ్బ. పడ్డాడో, తోశారో చెప్పలేను."

కూతురు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చేతిలో పెద్ద సంచి. దింపాలని కూడా తోచనట్టుంది.

"ఎక్కడికెళ్లారు?" అంది ఇన్‌స్పెక్టర్.

"ఆసుపత్రికి. మంగళవారం డైపర్లు ఉచితంగా ఇస్తారు. ఎనిమిదికల్లా క్యూలో ఉండాలి."

"బయల్దేరింది?"

"ఏడూ యాభైకి. తిరిగొచ్చింది తొమ్మిదీ పదికి."

"ఈయన్ని ఒక్కణ్నీ వదిలేసి?"

"పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్లాను. ప్రతి వారం అంతే. ఇంకెవరున్నారండీ నాకు?"

"పరిశీలకుడు వస్తున్నాడని తెలుసా?"

"పదకొండుకి వస్తానని ఉత్తరం రాశారు. నాన్నకి చెప్పలేదు. ఉత్తరం బియ్యం డబ్బాలో దాచాను."

"ఎందుకు దాచారు?"

కూతురు పరిశీలకుడి వైపు తిరిగింది. "మీరే చెప్పండి సార్. పోయిన రెండుసార్లు ఏమైంది?"

అతను ఫైలు గుండెకు హత్తుకున్నాడు. "ఆయన లేచి నిలబడ్డారు. ఎడం చేత్తో సెల్యూట్ కొట్టారు. ఎలా ఉన్నారంటే 'ఫిట్, సర్' అన్నారు. నేను చూసిందే రాశాను."

"మీరు చూసింది నాలుగు నిమిషాలు! మీ బండి సందు తిరగ్గానే కూలిపోయాడు. రెండుసార్లూ! అదెక్కడ రాశారు?"

ఆఫీసరు ఎదురుగా ఉంటే బాగోలేదని చెప్పడం ఆ తరం సైనికులకు చేతకాదు. కావలసిన సాయం ఎదురుగా వచ్చి కూర్చున్నా ఛాతీ విరుచుకుంటారు. సార్జెంటూ అంతే. ఆ మొండితనం ఖరీదు కూతురే కట్టింది. బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ ఉద్యోగం పోయింది. నడుం పోయింది. ఇవాళ మూడో పరిశీలన. ఇదీ తప్పితే ఫైలు శాశ్వతంగా మూసేస్తారు.

పక్కింటివాళ్లు ఫోన్ చేస్తే అంతలో కొడుకు వచ్చాడు. తొమ్మిదీ ఇరవై ఏడు. తండ్రి మొహం చూడకముందే చెల్లెలి మీదికి వేలెత్తాడు.

"దీన్ని అడగండి మేడమ్! నిన్న సాయంత్రం దీని అరుపులు వీధి వీధంతా విన్నదట. చంపేసింది!"

"అరిచాను," అంది కూతురు. "పళ్లెం విసిరికొడితే అరిచాను. నీ మొండితనంతో నన్నూ తీసుకుపోతావన్నాను. ఒక్క పూట నువ్వు తినిపించి చూడు అన్నయ్యా, నువ్వేమంటావో!"

"మీరు చివరిసారి ఇక్కడికి ఎప్పుడొచ్చారు?" ఇన్‌స్పెక్టర్ కొడుకును అడిగింది.

"నెలైంది."

"ఇవాళ పరిశీలన ఉందని తెలుసా?"

"నాకెవరు చెప్తారు? అన్నీ ఆవిడ గుప్పెట్లోనే."

హెడ్ కానిస్టేబుల్ ఇన్‌స్పెక్టర్ చెవి దగ్గర గొణిగాడు. "తేలిపోయింది మేడమ్. విసిగిపోయి తోసేసింది. జీపెక్కించమంటారా?"

"బూటు లేసు చూశావా?"

"చూశాను. చక్కగా కట్టుంది."

"ఒంటి చేత్తో కట్టు చూద్దాం."

హెడ్ వంగి ముడి చూశాడు. "అంటే ఎవరో తొడిగారు. కూతురే అయ్యుంటుంది."

"పతకాలు కుడివైపు ఉన్నాయేం?"

"ఏదో ఒక వైపు... ఎటుంటే ఏంటి మేడమ్?"

ఆమె గోడ మీది ఫొటో చూపించింది. అదే కోటు. అవే పతకాలు. ఎడమవైపు.

తొమ్మిదీ యాభైకి అందర్నీ ముందు గదిలో నిలబెట్టింది. తన పర్సులోంచి పిన్నున్న బ్యాడ్జి తీసింది.

"అమ్మా, ఇది పతకం అనుకోండి. మా హెడ్డుకి పెట్టండి."

కూతురు వచ్చింది. హెడ్డు వెనక్కి వెళ్లి, భుజం మీదుగా చేయి చాచి, చూడకుండానే ఎడమ జేబు మీద గుచ్చింది. "కుర్చీలో కూర్చోబెట్టి వెనకనుంచే పెడతాను. ముందు నిలబడితే ఆయన అద్దానికి అడ్డం," అంది.

"ఇప్పుడు మీరు."

"ఏంటీ ఆట?" కొడుకు మొహం ఎర్రబడింది. "మా నాన్న శవం ముందు వేషాలా?"

"పెట్టండి."

విసురుగా వచ్చాడు. హెడ్డుకు ఎదురుగా నిలబడ్డాడు. "ఎడమవైపేగా? నాకూ తెలుసు," అంటూ గుచ్చేశాడు.

తన ఎడమవైపు. హెడ్డుకు కుడివైపు.

హెడ్ తన ఛాతీ చూసుకుని నోరు తెరిచాడు.

"పొరపాటు! కంగారులో ఎవడైనా చేస్తాడు!" అన్నాడు కొడుకు.

"చేస్తారు. అది ఒక్కటే అయితే వదిలేసేదాన్ని." ఇన్‌స్పెక్టర్ పరిశీలకుడి వైపు తిరిగింది. "ఉత్తరంలో పదకొండు. మీరొచ్చింది తొమ్మిదికి. ఎందుకు?"

"టైం మార్చానండీ. నిన్న సాయంత్రం ఆరూ పన్నెండుకి మెసేజ్ పెట్టాను. సరే అని జవాబొచ్చింది."

"నాకే మెసేజూ రాలేదు!" అంది కూతురు.

"ఏ నంబరుకి పంపారు?"

"దరఖాస్తు మీద ఉన్నదానికి." అతను ఫైలు తిప్పి వేలు పెట్టాడు.

ఇన్‌స్పెక్టర్ ఆ నంబరు నొక్కింది.

కొడుకు జేబు మోగింది.

"దరఖాస్తు రాసింది అన్నయ్యే," కూతురు నెమ్మదిగా అంది. "అప్పట్లో నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు."

"తొమ్మిదికి వస్తున్నాడని ఈ ఇంటి మనుషుల్లో తెలిసింది నీ ఒక్కడికే," ఇన్‌స్పెక్టర్ గొంతులో మర్యాద పోయింది. "మంగళవారం చెల్లెలు క్యూలో ఉంటుందనీ తెలుసు. ఆమె వెళ్లాక వచ్చావు. కోటు తొడిగావు, లేసులు కట్టావు. ఆఫీసర్ వస్తున్నాడని ఆయన చెవిలో వేశావు. మూడోసారి కూడా ఫిట్ అనిపిస్తే ఫైలు మూత. చెల్లెలు చేతులెత్తేస్తుంది. తండ్రిని ఏదో ఆశ్రమంలో పడేసి ఇల్లు అమ్ముకుందామనుకున్నావు."

"నేను తొయ్యలేదు!" కొడుకు అరిచాడు. "ముట్టుకోలేదు! నేను వెళ్లేటప్పటికి నిలబడే ఉన్నాడు!"

అన్నాక అర్థమైంది, ఏమన్నాడో.

"ఎన్నింటికి వెళ్లావు?"

కొడుకు గుమ్మం వైపు అడుగేశాడు. హెడ్ అడ్డొచ్చాడు.

"ఎన్నింటికి?"

"ఎనిమిదీ ముప్పై అయిదు. గోడ పట్టుకుని ఉంటానన్నాడు. నన్నే వెళ్లమన్నాడు... కన్నతండ్రికి కోటు తొడగడం కూడా నేరమేనా?"

"నాలుగు నిమిషాలకు మించి నిలబడలేని మనిషిని గుమ్మంలో నిలబెట్టి పోవడం నేరం. ఆ చావు చెల్లెలి మెడకి చుట్టబోవడం ఇంకో నేరం. హెడ్, ఎక్కించు."

అతన్ని తీసుకెళ్తుంటే చెల్లెలు తల తిప్పి కూడా చూడలేదు. ఏడవలేదు కూడా. ఆమె మొహంలో అసహ్యం తప్ప ఏమీ లేదు.

పరిశీలకుడు ఇంకా ఫారం పట్టుకుని నిలబడే ఉన్నాడు. "మేడమ్... రిపోర్టు ఇవ్వాలి. సాయం లేకుండా నిలబడగలరా అని ఒక గడి ఉంది. ఖాళీగా వదలకూడదు."

"నిలబడలేరు అని రాయండి," అంది ఇన్‌స్పెక్టర్. "మూడోసారికైనా నిజం రాయండి."

ఫొటోలు తీయడం అయిపోయింది. కూతురు ఇన్‌స్పెక్టర్‌ని కళ్లతోనే అడిగింది. ఆమె తలూపింది.

కూతురు సంచి కింద పెట్టి తండ్రి పక్కన కూర్చుంది. ఐదు పతకాలూ ఒక్కొక్కటే విప్పి ఎడమవైపు పెట్టింది. తర్వాత బూటు లేసులు వదులు చేసింది.

"చాలు నాన్నా," అంది. "ఇంక ఎవరి ముందూ నిలబడక్కర్లేదు."