నానిన నువ్వుగింజ

మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఓడ ద్వీపం రేవులో ఆగి ఉంది. కిటికీ లేని గదిలో అమ్మమ్మ మంచం మీద ముడుచుకుని పడుకుంది. పక్కన దిండు మీద ఫోన్ స్పీకర్‌లో ఉంది.

"అక్కా, రేవులోనే నిలబడ్డాను. ఓడ కనిపిస్తోంది. నువ్వే కనిపించట్లేదు," అంటోంది చిన్నమ్మమ్మ.

అక్కచెల్లెళ్లు కలుసుకుని పద్దెనిమిదేళ్లయింది. ఈ ఒక్క పూట కోసమే అమ్మమ్మ ఈ ఓడ ఎక్కింది. నాలుగింటికి ఓడ కదిలిపోతుంది. కానీ నిన్న సాయంత్రం నుంచి అమ్మమ్మకి ఒకటే వాంతులు.

మూల కుర్చీలో మనవరాలు తల వంచుకుని కూర్చుంది. ఇంట్లో అందరూ దాన్ని నువ్వుగింజ అంటారు. దాని నోట్లో నువ్వుగింజ నానదని అమ్మమ్మే పెట్టిన పేరు. ఎవరి పుట్టినరోజుకి ఏం కొన్నారో ముందే చెప్పేసే రకం.

అలాంటిది, మొన్న పొద్దుటి నుంచి ఒక్క మాట కడుపులో దాచుకుంది.

మొన్న దానికి వాంతయింది. "వాంతయితే వెంటనే ఫోన్ చెయ్యండి" అని ఓడ ఎక్కిన రోజే నర్సు అందరికీ చెప్పింది. చెబితే గదిలోనే ఉంచేస్తారు. పైన నీళ్ల జారుడుబల్ల ఊరిస్తోంది. అందుకే నోరు పుక్కిలించి, చేతులకి రెండు చుక్కల జెల్ రాసుకుని పరిగెత్తింది. మధ్యాహ్నం ఆ చేతులతోనే నారింజ ఒలిచి, తొనలు అమ్మమ్మ నోట్లో పెట్టింది.

"నా బంగారు తల్లే! ఎంత తియ్యగా ఉందో," అంది అమ్మమ్మ.



ఇప్పుడు తలుపు తట్టి నర్సు వచ్చింది. అమ్మమ్మ నాడి చూసి తల అడ్డంగా ఊపింది.

"మీరు దిగడానికి లేదు పెద్దమ్మా." మంచం పక్కన నిలబడ్డ నువ్వుగింజ వాళ్లమ్మ వైపు తిరిగింది. "మీ ఇద్దరికీ ఏమీ లేకపోతే వెళ్లి రావచ్చు. కడుపునొప్పి, విరేచనాలు... ఏమైనా ఉన్నాయా?"

"నాకేం లేదండీ," అంది అమ్మ.

"వెళ్లవే," అంది అమ్మమ్మ నీరసంగా. "పాపం, అది ఎండలో నిలబడింది. ఈ పిల్లది అచ్చం నా చిన్నప్పటి ముఖం. దీన్నైనా చూసుకుంటుంది."

అమ్మ అప్పుడే చెప్పులు వేసుకుంటోంది. నువ్వుగింజ కడుపులో మళ్లీ మెలిపెట్టింది. ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే చాలు. చిన్నమ్మమ్మ పరిగెత్తుకొచ్చి, బుగ్గలు పట్టుకుని ముద్దు పెట్టుకుంటుంది.

నువ్వుగింజ లేచి నిలబడింది.

"నర్సక్కా, నాకుంది. ముందు నాకే వచ్చింది. మొన్న వాంతయింది. ఇవాళ కూడా రెండుసార్లు విరేచనం అయింది. జెల్ రాసుకున్నాను కానీ..."

"జెల్‌కి ఈ వైరస్ సరిగ్గా లొంగదమ్మా. సబ్బుతో బాగా రుద్ది కడగాలి." నర్సు కాగితం తీసింది. "మొన్న ఎక్కడెక్కడ తిరిగావు? పదకొండుమంది పిల్లలు మంచం పట్టారు. ఎక్కడ మొదలైందో తెలియక తలలు పట్టుకున్నాం."

జారుడుబల్ల, మెట్ల కమ్మీ, ఆటగదిలో బంతులు... ఒక్కటీ వదలకుండా చెప్పింది.

"ఇద్దరికి అంటుకున్నాక ఇక ఈ గదిలోవాళ్లు ఎవరూ ఓడ దిగకూడదు," అని నర్సు వెళ్లిపోయింది.

అమ్మ చెప్పులు విప్పి మంచం కిందికి తోసింది. నాలుగు తిట్టినా బాగుండేది.

"అక్కా, ఎవరైనా దిగుతున్నారా?" ఫోన్ అడిగింది.



"ఎవరం రావట్లేదు చిన్నమ్మమ్మా," అంది నువ్వుగింజ. "నా వల్లే."

నాలుగింటికి ఓడ కూత వేసింది.

"కదిలిందక్కా... చెయ్యి ఊపుతున్నా."

అమ్మమ్మ ఇనుప గోడ వైపు తిరిగి, చెయ్యెత్తి ఊపింది. ఫోన్ ఆగిపోయాక కూడా ఊపింది.

"రెండ్రోజులు నానబెట్టావు కదే, నువ్వుగింజా," అంది చివరికి. ఆ గొంతులో కోప్పడే ఓపిక కూడా లేదు. "కాసిని మంచినీళ్లివ్వు."

నువ్వుగింజ గ్లాసు వైపు చెయ్యి చాచి, టక్కున వెనక్కి తీసుకుంది.

"అమ్మా, నువ్వివ్వు. నేను ముట్టుకోను."

బాత్రూమ్‌లోకి వెళ్లి సబ్బు అందుకుంది. వేళ్ల సందులు, గోళ్ల అడుగులు, మణికట్లు. మొన్నటి నారింజ వాసన ఎప్పుడో పోయింది. అయినా రుద్దుతూనే ఉంది.