అరవై రెండు శాతం

లిఫ్టు తలుపు దమయంతికి ఇవాళ కూడా తెరుచుకోలేదు. ఆమె మణికట్టు మీది హృదయకంకణాన్ని చదివి, ఎంతో మర్యాదగా, "మీ చిమ్ముశాతం అరవై రెండు. మెట్లు మీకు మేలు చేస్తాయి" అంది. దీని మర్యాద తగలెయ్య, అనుకుంది దమయంతి.

విశాఖలో ఆ కంకణం లేని చెయ్యి ఇప్పుడు లేదు. గుండె ఎడమ గదిలో చేరిన రక్తంలో, కొట్టుకున్నప్పుడల్లా ఎంత వంతు బయటికి చిమ్ముతోందో అది చెబుతుంది. ఎంత మంచి గుండైనా ఉన్నదంతా చిమ్మదు. యాభై అయిదు దాటితే భేషు, పచ్చ దీపం. నలభైకి దిగితే ఎర్ర దీపం. లిఫ్టూ, బస్సులో సీటూ ఎరుపువాళ్లకే. ఇక బాగున్నారా అని అడిగే అలవాటు ఊళ్లో ఎప్పుడో పోయింది. ఎదురుపడితే చెయ్యి చూస్తారు, ఫోనులో అయితే అంకె చెప్పుకుంటారు. అంతటితో సరి.

దమయంతికి మాత్రం నాలుగు మెట్లెక్కితే ఊపిరందదు. డాక్టర్ సుదేష్ణ పరీక్షలు చేసి అసలు సంగతి చెప్పింది.

"మీ గుండె బిరుసెక్కిందమ్మా. సరిగ్గా సాగదు, అందుకని సరిగ్గా నిండదు. చిన్న గ్లాసులోంచి అరవై రెండు శాతం పోస్తే ఎవరి దాహం తీరుతుంది? కంకణానికి శాతమే తెలుసు. గ్లాసు ఎంతదో తెలీదు."

"ఆ మాట లిఫ్టుకి చెప్పండమ్మా."

"పైవాళ్లకి రాశాను. వాళ్ల నియమాలన్నీ ఆ అంకె మీదే ఉన్నాయి. మీరు మాత్రం మందులు మానకండి."

మందుల సంగతి సరే, నూకరత్నం సంగతే దమయంతిని తినేస్తోంది. తొమ్మిదంతస్తుల పైన డాబా మీద ఇద్దరూ కలిసి దొండపాదు పెంచారు. సాయంత్రమైతే దాని పక్కన కూర్చుని, టీ తాగుతూ లోకాన్ని దులిపేసేవారు. వానలు మొదలైనప్పటి నుంచి దమయంతి పైకి వెళ్లలేకపోయింది. ఆయాసమని చెబితే నూకరత్నం ఫోనులోనే మండిపడింది.

"ముప్పై ఆరు శాతందాన్ని, నేనే రోజూ వత్తన్నాను. అరవై రెండెట్టుకుని నీకు ఆయాసమేటే? నా మొకం సూడ్డం ఇష్టం లేదని సెప్పీరాదేటి!"

ఆ తర్వాత ఫోనెత్తలేదు. దమయంతికి ఈ ఊళ్లో మనసు విప్పి మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. ఎదురుగా కూర్చుని చెబితే నమ్మకపోదు. అందుకే ఇవాళ ఏదయితే అదయిందని మెట్లెక్కడం మొదలుపెట్టింది.

నాలుగో అంతస్తులో కాళ్లు మొరాయించాయి. మెట్టు మీద కూలబడింది. పైనుంచి దిగుతున్న ఒకాయన ఆగి, ఆమె చేతి మీది పచ్చ దీపం చూసి, చిన్నగా నవ్వి దిగిపోయాడు. దమయంతికి ఏడుపొచ్చింది. కొంగు లాగి కంకణానికి చుట్టేసింది.

అంతలో పైకి వెళ్తున్న అద్దాల లిఫ్టు అక్కడ ఆగింది. లోపల నూకరత్నం, అద్దంలోంచి ఆమెని చూసి ఆపింది. చేతిలో టీ ఫ్లాస్కు, దాంతోపాటు రెండు గ్లాసులు. ఆ రెండో గ్లాసు ఎవరికోసమో దమయంతికి తెలుసు.

నూకరత్నం కళ్లు అలవాటుగా కంకణం కోసం వెతికాయి. కొంగు అడ్డం ఉంది. ఏం చెయ్యాలో తోచక, ఎన్నేళ్లకో, నోరు తెరిచి అడిగింది.

"ఏటే, ఎలాగున్నావు?"

ఆ ఒక్క మాటకే దమయంతి కరిగిపోయింది. చెప్పాల్సింది బోలెడంత ఉంది. ఊపిరి చూస్తే ఒకటి రెండు మాటలకు మించి లేదు. ఇన్నేళ్లుగా పలికీ పలికీ అలవాటైన జవాబే నోట్లోంచి వచ్చేసింది.

"అరవై రెండు."

నూకరత్నం మొహం బిగుసుకుపోయింది.

"అలాగా. అయితే బాగానే ఉన్నావన్నమాట" అని మీట నొక్కింది.

ఆయాసం కాస్త తీరడానికి చాలాసేపే పట్టింది.

"బాగాలేనే, రత్నం" అంది దమయంతి.

అప్పటికి లిఫ్టు డాబా దగ్గరికి చేరిపోయింది.