మూడో అంతస్తు హాల్లో ప్రతిపక్షం

యూనివర్సిటీ పాత భవనంలో మూడో అంతస్తు హాలుకి చీకటి పడ్డాక ఎవరూ వెళ్లేవారు కాదట. అది డిబేటింగ్ సొసైటీ వాళ్ల హాలు. ఎప్పుడో ఒక కుర్రాడు అక్కడ వాదిస్తూ వాదిస్తూ గుండె ఆగి పడిపోయాడని, మిగిలిపోయిన వాదన పూర్తి చెయ్యడానికి రాత్రుళ్లు వస్తుంటాడని చెప్పుకునేవాళ్లు. మెట్ల దగ్గర నిలబడితే చాలు... లోపల ఎవరో గొంతు సవరించుకున్నట్టు వినబడేదట.

ఇది మా పిన్ని చెప్పిన సంగతి. ఆవిడ మీద నాకు నమ్మకం ఎక్కువ. ఆవిడతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరన్నది వేరే సంగతి.

తను అక్కడ చదివేటప్పుడు ఒక ఏడు సొసైటీకి పిన్నే సెక్రటరీ. అరవై ఏళ్ల సొసైటీ. ఒకసారి యూనివర్సిటీ పెద్దలు హాలుకి తాళం వేస్తే మెట్ల మీదే కూర్చుని వాదించుకున్నారట. ఇంకోసారి కరెంటు తీసేస్తే చీకట్లోనే ఒక్కొక్కరూ లేచి, గొంతెత్తి ఓటు చెప్పారట. అన్నీ చర్చలు రాసిపెట్టే మినిట్స్ పుస్తకాల్లో ఉన్నాయి.

కానీ నిబంధనల్లో ఒక మెలిక ఉంది. ఏడాదిలో ఒక్క చర్చయినా జరగకపోతే సొసైటీ రద్దు. చర్చంటే ఒకరు అనుకూలంగా, ఒకరు వ్యతిరేకంగా మాట్లాడాలి. ఇద్దరూ ఆ పుస్తకంలో సంతకం పెట్టాలి.

ఆ మెలిక రిజిస్ట్రారుగారికి తెగ నచ్చింది. జవాబు పత్రాల కట్టలు పేర్చుకోవడానికి ఆయనకి హాలు కావాలి. చర్చకి హాలు అడిగితే ఒకసారి సున్నం వేస్తున్నామన్నారు, ఒకసారి పరీక్షలన్నారు, ఒకసారి ఏమీ అనకుండానే కుదరదన్నారు. సభ్యులు ఒక్కొక్కరే జారుకున్నారు. చూస్తుండగానే ఏడాది ఆఖరి రోజు వచ్చేసింది.

"పోతే పోయింది, నీకేం నష్టం?" అని ఇదంతా వింటూ నేను అడిగాను.

"మా ఇంట్లో నన్ను ఏనాడూ ఒక్క మాట పూర్తి చెయ్యనివ్వలేదు," అంది పిన్ని. "ఆ హాల్లో ఏడు నిమిషాలు... గంట మోగేదాకా ఎవరూ అడ్డు రాకూడదు. అది పోతే నేను మళ్లీ నోరు మూసుకుని బతకాలి. బతకనన్నాను."

రాత్రి తొమ్మిదింటికి కొవ్వొత్తి, బల్లగంట, పుస్తకం పట్టుకుని మెట్లెక్కింది. వ్యతిరేకంగా మాట్లాడతానన్న స్నేహితురాలు రాలేదు. తలుపుకి ఎందుకో తాళం లేదు, సందులో చీటీ ఉంది — జ్వరమట. జ్వరం కాదు, భయం. పిన్ని ఆ చీటీని ఉండ చుట్టి పారేసింది.

"ఈ సొసైటీ బతకాలి. అదే ఇవాళ్టి అంశం," అని ఖాళీ బల్లలకి గట్టిగా చెప్పింది.

గాలికి కొవ్వొత్తి ఆరిపోయింది.

పిన్ని ఆగలేదు.

హాలు చివర బల్ల కిర్రుమంది... ఆగలేదు. ఎవరో గొంతు సవరించుకున్నారు... పారిపోదామనే అనిపించిందట. అనిపించినందుకు తన మీద తనకే ఒళ్లు మండి గొంతు ఇంకా పెంచింది.

"మూసెయ్యాలనే వాళ్ల దగ్గర తాళంకప్ప తప్ప ఒక్క కారణం లేదు! ఉంటే లేచి చెప్పేవాళ్లు!"

చీకట్లోంచి, గుసగుసలా —

"ఉన్నాయి... మూడు."

పిన్ని చేతిగడియారం వైపు చూసుకుంది. రేడియం ముళ్లు మెరుస్తున్నాయి.

"మీకు ఏడు నిమిషాలు," అంది.

ఆ గొంతు మొదలుపెట్టింది. మెల్లగా మొదలై, వేడెక్కి, హాలంతా నిండిపోయింది. సొసైటీ ఎందుకు అక్కర్లేదో అంత బాగా చెప్పినవాళ్లని పిన్ని అంతకుముందు వినలేదట. కన్ను కానని చీకట్లోనే పుస్తకంలో రాసుకుంటూ పోయింది. ఏడో నిమిషం నిండగానే గంట కొట్టింది.

గొంతు మాట మధ్యలోనే టక్కున ఆగిపోయింది.

అప్పుడు పిన్నికి అనుమానం వచ్చింది. వాదన పూర్తి కాలేదని చచ్చాక కూడా తిరిగే మనిషి గంటకి లొంగుతాడా? గంట వినగానే అలా ఆగేది సొసైటీలో పెరిగినవాళ్లే. అగ్గిపుల్ల గీసింది.

ఎదురుగా, చివరి బల్ల దగ్గర రిజిస్ట్రారుగారు!

"చర్చ జరగలేదని కళ్లారా చూసి రాసుకుందామని వచ్చి కూర్చున్నాను," అన్నారాయన, చెమట తుడుచుకుంటూ. "ముప్పై ఏళ్ల కింద నేనూ ఇక్కడ సెక్రటరీనే. కారణం లేదన్నావు... కూర్చోలేకపోయాను."

"జరిగింది సార్. సంతకం పెట్టండి."

"పెట్టను."

"మీ ఇష్టం. మీరన్నవి మాత్రం పుస్తకంలో ఉండిపోతాయి," అని కొవ్వొత్తి వెలిగించి చదవడం మొదలుపెట్టింది. మొదటి కారణానికి ఆయన తలూపారు. రెండోదానికీ ఊపారు. మూడోది వినగానే మొహం ఎర్రబడింది.

"అది కాదు నేనన్నది! ఇంత తెలివితక్కువగా నేనెందుకంటాను? ఇటివ్వు!"

పుస్తకం లాక్కుని, కలం తీసి, మూడో కారణం మొత్తం కొట్టేసి అందంగా తిరగరాశారు. దిద్దినవాళ్లు దిద్దిన చోట సంతకం పెట్టాలన్నది సొసైటీలో పాత పద్ధతి. ఆయన చెయ్యి ఆగలేదు, పెట్టేసింది.

పెట్టాక గానీ, ఆ సంతకంతో చర్చ జరిగినట్టే అయిందని ఆయనకి తెలిసిరాలేదట.

"ఓటెయ్యడానికి ఎవరూ లేరు," అన్నారు చివరికి, చిన్నగా. "ఎవరు గెలిచినట్టు?"

పిన్ని పుస్తకం మూసి చంకలో పెట్టుకుంది.

"వచ్చే ఏడు తేల్చుకుందాం సార్," అంది.