రెండేళ్లకే పోయిన ఆలిస్ పెళ్లి

"సార్, ఎవరో పోలీసు చచ్చిపోయాడటండి. రెండేళ్ల వయసులో."

అలివేలుమంగ ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టి చెప్పిన ఈ వార్తకి డిటెక్టివ్ పెంటయ్య కళ్లు కూడా తెరవలేదు. పొద్దుటి నుంచి జర్మనీలోని జార్‌బ్రూకెన్ మీద ముసురు పట్టి ఉంది. వాన సంగతి ఆయన మోకాళ్లకి వాతావరణ శాఖ కన్నా ముందే తెలుస్తుంది.

"రెండేండ్లకే పోలీసు కొలువిచ్చే దేశమైతే, నేను వీసా ఆఫీసు ముంగట అన్నేండ్లు నిలబడకపోదును," అన్నాడు. "మళ్ల అడుగు తల్లీ."

ఆమె మళ్లీ అడిగింది. "పోలీస్ కాదటండి, ఆలిస్ అట. ఆలిస్ చిన్నప్పుడే చచ్చిపోయిందని వాళ్లంటున్నారట, పోలేదని ఈ అమ్మాయి అంటోంది. ఏడుస్తోందండి."

"రమ్మను. ఏడుపు ఫోన్ల సగమే వినబడ్తది."

పెంటయ్యకి యాభై ఆరేళ్లు. జగిత్యాల దగ్గర పుట్టి, వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్లకి సాఫ్ట్‌వేరు రాస్తూ పద్దెనిమిదేళ్లు గడిపాడు. ఉద్యోగానికి బ్రేకు పడ్డాక, జారినవాడికి జార్‌బ్రూకెనే తగిన ఊరని చెప్పుకుంటూ ఇక్కడికొచ్చి ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు కట్టాడు. వచ్చేవన్నీ సంబంధాల ఆరాలే. అబ్బాయి నిజంగా మాస్టర్స్ చదువుతున్నాడా, లేక పిజ్జాలు మోయడంలో మాస్టరయ్యాడా అని. ఒకరి గుట్టు తెలుసుకోవాలన్న ఉబలాటం ఆయనలో ఎప్పుడో ఆవిరైపోయింది. అయినా గుట్లు వాటంతటవే తెలిసిపోతుంటాయి.

తెనాలి నుంచి వచ్చిన అలివేలుమంగ పొద్దున కిటా అనే శిశు సంరక్షణ కేంద్రంలో పసిపిల్లల్ని చూసుకుని, మధ్యాహ్నం నుంచి ఈయన్ని చూసుకుంటుంది. రెండో పనే కష్టమని ఆవిడ అభిప్రాయం. అయినా ఆయన నోటివెంట వచ్చిన ప్రతి మాటా, ఆవలింతలు మినహా, నోటు పుస్తకంలో ఎక్కుతుంది.

అరగంటలో వచ్చిన అమ్మాయి పేరు ఫహ్మీదా. ముప్పై ఏళ్లుంటాయి. హైదరాబాద్ మలక్‌పేట నుంచి వచ్చి, ఈ ఊళ్లోనే ఒక వంశావళి సంస్థలో పని చేస్తోంది. ఓడల జాబితాలు, చర్చి రిజిస్టర్లు, జనాభా లెక్కలు గాలించి, అడిగినవాళ్లకి వాళ్ల ముత్తాతల్ని వెతికిపెట్టే వ్యాపారం అది. బ్యాగులోంచి తీసి ఆమె బల్ల మీద పెట్టిన కాగితం క్యుండిగుంగ్. ఉద్యోగం ఊడిందని తెలిపే ఆ ఉత్తరం పేరు పలకడం రాని తెలుగువాడు జర్మనీలో లేడు. ఇంకా సంతకం కాలేదు. గురువారం పదింటికి టెర్మిన్, అంటే హాజరు కావలసిన వేళ. ఆ లోగా సంజాయిషీ చెప్పుకోలేకపోతే సంతకం పడుతుంది.

"కారణం చూడండి సర్. రికార్డులు కల్పించినందుకు అని రాసిన్రు. ఇది పడితే నన్ను ఏ ఆర్కైవ్‌లో తీసుకోరు. మూడు నెలల్ల వేరే పని దొరకకుంటే వీసా కూడా పోతది. నేను కల్పించలేదు సర్, కసమ్. కళ్లతో చూసిందే రాసిన."

పెంటయ్య మొదటిసారి కళ్లు పూర్తిగా తెరిచాడు. మొదటి నుంచి చెప్పమన్నాడు.

ఆమె చెప్పిన కథ ఇది. ఈ ఊళ్లో ఫ్రావు బెకర్ అనే ఎనభై నాలుగేళ్ల ముసలావిడ ఉంది. ఆవిడ నాయనమ్మ ఆలిస్ అమెరికా నుంచి వచ్చిన మనిషి, ఇంగ్లీషు వాళ్ల పిల్ల. అంతకుమించి ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆ ఇంగ్లీషు కుటుంబం ఎవరో కనుక్కోమని ఫ్రావు బెకర్ సంస్థని అడిగితే, పని ఫహ్మీదాకి అప్పగించారు. ఆమె నాలుగు నెలలు గాలించింది. ఇంగ్లండులో లాంకషైర్ నేతగాడు జోసెఫ్ హార్‌గ్రేవ్, భార్య ఎలెన్‌తో 1882లో లివర్‌పూల్‌లో ఓడెక్కాడు. మసాచుసెట్స్‌లోని ఫాల్ రివర్ అనే మిల్లుల ఊళ్లో దిగాడు. దేశం మారినా రాత మారలేదు, నేతా మారలేదు. 1900 జనాభా లెక్కల్లో ఆ ఇంట్లో కూతురు ఆలిస్, వయసు పదమూడు. 1908లో అదే ఊళ్లో ఒక జర్మన్ చర్చిలో ఆలిస్ హార్‌గ్రేవ్‌కి, పీపాలు చేసే కార్ల్ బెకర్‌కి పెళ్లి. పాస్టరు బద్ధకస్తుడో ఏమో, పెళ్లికూతురి తల్లిదండ్రుల పేర్లు రాయలేదు. వయసు ఇరవై ఒకటి అని మాత్రం రాశాడు. మూడేళ్లకి దంపతులు జర్మనీ వచ్చేశారు.

మార్చి మూడున నివేదిక ఇచ్చింది. నెలాఖరున తనిఖీలో సంస్థ కంప్యూటర్ వేరే కథ చెప్పింది. జోసెఫ్, ఎలెన్‌ల కూతురు ఆలిస్ 1885 ఆగస్టులో, రెండేళ్ల వయసులో చనిపోయింది. సమాధి కూడా ఉంది. రెండేళ్లకి పోయిన పిల్లకి ఇరవై ఒకటో ఏట పెళ్లెలా అవుతుంది? ఆ ఊళ్లో లాంకషైర్ వాళ్లు కోకొల్లలు, జోసెఫ్ హార్‌గ్రేవులే ముగ్గురు. ఎవరి ఆలిస్‌నో తెచ్చి ఈ చెట్టుకి అంటు కట్టావన్నారు. ఎందుకు కడుతుందంటే దానికీ కారణం చూపించారు. ఫహ్మీదా ప్రతి ఆదివారం ఫ్రావు బెకర్ ఇంటికెళ్లి కాఫీ తాగి, కేకు తినివస్తుంది. ఒంటరి ముసలిదాని మీద జాలిపడి నాయనమ్మని దానం చేసిందట.

"గోదానం విన్న, భూదానం విన్న. గిదే కొత్త," అన్నాడు పెంటయ్య. అలివేలుమంగ రాసుకుంది.

బుధవారం వాళ్లిద్దరూ ఫహ్మీదాతో పాటు ఆ సంస్థకి వెళ్లారు. యజమాని హెర్ క్లైన్ చెడ్డవాడిలా కనిపించలేదు. బాగా అలిసిపోయిన మనిషిలా కనిపించాడు. రుజువుంటే చూపించండి, నాకూ ఈ సంతకం పెట్టాలని లేదు అన్నాడు. నలభై లక్షల పేర్లున్న పట్టికని సంరక్షించే రవీంద్రనాథ్ గదికి తనే తీసుకెళ్లి దిగబెట్టాడు.

రవీంద్రనాథ్‌ది సామర్లకోట. నలభై అయిదేళ్లుంటాయి. బల్ల మీద కాగితం కాగితానికి సమాంతరంగా ఉంటుంది. డేటా శుద్ధి ఆయన పని. ఆయన మీద మచ్చ వెతకడం ఉతికిన పంచె మీద మచ్చ వెతకడమే అనిపించింది అలివేలుమంగకి.

"నాకూ బాధగానే ఉందండి," అన్నాడు. "ఆ అమ్మాయి మంచిదేనండి. కానీ చూడండి, రికార్డు రికార్డే కదా."

తెర మీద హార్‌గ్రేవ్ కుటుంబం కనిపించింది. పిల్లలు నలుగురు. ఆలిస్, విలియం, మేరీ, జోసెఫ్. ఆలిస్ ఎదురుగా జననం 1883, మరణం 1885. అలివేలుమంగ కిటా అలవాటుగా పిల్లల్ని వేలితో లెక్కపెట్టి, ఆలిస్ వరుస దగ్గర ఆగింది.

"ఈ పాపకి బాప్తిస్మం రిజిస్టరు పేజీలు రెండున్నాయేంటండి? నలభై ఒకటి, అరవై ఎనిమిది?"

"గుమాస్తాలు రెండుసార్లు రాసేస్తుంటారండి. అవి నకళ్లు. మొన్న మార్చి ఇరవైన పట్టిక మొత్తం శుద్ధి చేశాం కదా, అప్పుడు కలిపేశాం." ఆయన గోడ మీద అతికించిన కాగితం చూపించాడు. పది నియమాలు. ఏడోది, ఒకే తండ్రి, ఒకే తల్లి, ఒకే పేరు అయితే ఒకే మనిషి. ఎనిమిదోది, మరణం తేదీ తర్వాత వచ్చిన రికార్డుని ఆ మనిషి నుంచి విడదీయాలి.

"పెంటయ్యకి శుద్ధి నేర్పేటోడు ఇన్నాళ్లకు దొరికిండు," అని గొణిగి, పెంటయ్య అసలు పేజీల బొమ్మలు తెరిపించమన్నాడు. పేజీల బొమ్మలు చూడ్డం ఆ ఆఫీసులో తగ్గిపోయింది. పట్టికలో వెతకడం తేలిక, పాత చేతిరాతలకి కళ్లు పోతాయి. మొదట 1900 జనాభా లెక్కల పేజీ వచ్చింది. రివర్ వీధి, పదిహేడో నంబరు ఇల్లు. ఎలెన్ హార్‌గ్రేవ్ ఎదురుగా ఉన్న రెండు గడుల్ని ఆయన పైకి చదివాడు. కన్న పిల్లలు అయిదుగురు, బతికున్నవాళ్లు నలుగురు.

"అందుకేనండి ఇది వేరే జోసెఫ్ ఇల్లన్నది," అన్నాడు రవీంద్రనాథ్. "మన జోసెఫ్‌కి పుట్టింది నలుగురు, మిగిలింది ముగ్గురు."

పెంటయ్య వాదించలేదు. ఆ జనాభా లెక్కల పేజీతో పాటు 1885 సమాధుల పేజీ, బాప్తిస్మాలలో నలభై ఒకటో పేజీ, అరవై ఎనిమిదో పేజీ అచ్చు తీయించుకుని, ఒక్కొక్కటే కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదివి, మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు. తిరిగొచ్చే ట్రాములో అలివేలుమంగ ఆగలేక, దొంగ ఎవరో తెలిసిపోయిందా అని అడిగింది. తెలిసిందని, తెలియకుంటే బాగుండేదని చెప్పి ఆయన కిటికీకి తల ఆనించాడు.

గురువారం పదింటికి హెర్ క్లైన్ గదిలో అందరూ కూర్చున్నారు. ఫహ్మీదా నిద్ర లేని మొహంతో ఉంది. ఫ్రావు బెకర్ చేతికర్ర ఆనించుకుని ఆమె పక్కనే కుర్చీ వేయించుకుంది. రవీంద్రనాథ్ ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాడు. సంతకం కావలసిన కాగితం బల్ల మధ్యలో ఉంది. పెంటయ్య నాలుగు అచ్చు కాగితాల్ని దాని చుట్టూ పరిచి, జర్మన్‌లో నెమ్మదిగా మొదలుపెట్టాడు.

1883 ఏప్రిల్, నలభై ఒకటో పేజీ. జోసెఫ్, ఎలెన్ల కూతురు ఆలిస్‌కి బాప్తిస్మం. 1885 ఆగస్టు, సమాధుల పేజీ. ఆలిస్, రెండేళ్లు, రివర్ వీధి పదిహేడో నంబరు. ఇక్కడిదాకా పట్టిక చెప్పింది నిజమే. 1887 మార్చి, అరవై ఎనిమిదో పేజీ. జోసెఫ్, ఎలెన్ల కూతురు ఆలిస్‌కి బాప్తిస్మం, రివర్ వీధి పదిహేడో నంబరు.

"ఏడాదిన్నర కింద పాతిపెట్టిన పిల్లకి ఏ పాస్టరూ నెత్తిన నీళ్లు పోయడు," అన్నాడు. "ఇది నకలు కాదు. ఇంకో పాప."

పెద్దపిల్ల పోయాక పుట్టిన పిల్లకి ఆ దంపతులు అదే పేరు పెట్టుకున్నారు. ఆ కాలపు ఇంగ్లీషు కుటుంబాల్లో అది మామూలే. పోయిన బిడ్డ పేరు ఇంట్లోంచి పోకూడదనుకునేవాళ్లు. 1900లో పదమూడేళ్లు, 1908లో ఇరవై ఒకటి, రెండూ ఈ రెండో ఆలిస్‌కే సరిపోతాయి. ఇల్లూ అదే పదిహేడు. లెక్కలవాడు గుమ్మంలో నిలబడి అడిగితే, ఎలెన్ తనే చెప్పింది, కన్నది అయిదుగురిని, మిగిలింది నలుగురని. ఫహ్మీదా నివేదిక రాసిన పదిహేడు రోజులకి ఏడో నియమం ఇద్దరు ఆలిస్‌లని ఒకరిని చేసింది. పెద్దదాని చావు చిన్నదాని మెడకి చుట్టుకుంది. వెంటనే ఎనిమిదో నియమం వచ్చి, చచ్చినపిల్ల పెరగడమేమిటని ఆమె బాల్యాన్ని, పెళ్లిని పీకి అవతల పారేసింది. తనిఖీ చేసినవాళ్లకి కనిపించింది ఆ మిగిలిన ఖాళీ.

"ఫహ్మీదా ఎవరినీ కల్పించలేదు," అన్నాడు పెంటయ్య. "మీ పట్టిక ఒకరిని చంపింది."

హెర్ క్లైన్ కాగితాలు ఒక్కొక్కటీ చదివాడు. అరవై ఎనిమిదో పేజీ రెండుసార్లు చదివాడు. ఈ నియమం రాసిందెవరని అడిగితే, రవీంద్రనాథ్ చెయ్యెత్తాడు, బడిపిల్లాడిలా.

పెంటయ్య ఆయన వైపు తిరిగి తెలుగులోకి మారాడు. "నీది తప్పనే ముందు నా సంగతి చెప్త. నాకు ముందు మా అమ్మకు ఇద్దరు పోయిన్రు. నేను పుట్టంగనే పెంటకుప్ప మీద పండవెట్టి, ఎవరో పారేసిన పిలగాడని ఎత్తుకొచ్చి, పెంటయ్య అన్నరు. చావుకు అక్కర్లేని పేరని. మనం గట్ల దాక్కుంటం. ఆ తల్లి దాక్కోలే. అదే పేరు మళ్ల పిలిచింది. నీకు అనుమానం రాకపోవుడు తప్పు కాదు. పేజీ తెరువకపోవుడు తప్పు."

రవీంద్రనాథ్ ల్యాప్‌టాప్ మూత మూశాడు.

"మా పెద్దమ్మాయి మూడేళ్లప్పుడు పోయిందండి," అన్నాడు. "తర్వాతి పాపకి ఆ అక్షరంతో కూడా పేరు పెట్టలేదు. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ పలకరు. కన్నవాళ్లు ఎవరైనా ఇంతే అనుకున్నానండి. నిజంగా అనుకున్నాను."

హెర్ క్లైన్‌కి ఆ మాటలు అర్థం కాలేదు. అలివేలుమంగ జర్మన్‌లో చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, బల్ల మధ్య ఉన్న కాగితాన్ని అడ్డంగా చింపేశాడు. ఫహ్మీదాకి క్షమాపణ చెప్పాడు. ఆమె తల ఊపింది.

ఫ్రావు బెకర్ మాత్రం అరవై ఎనిమిదో పేజీని వదల్లేదు. నాయనమ్మ పేరు మీద వేలు పెట్టి ఉంచి, హెర్ క్లైన్‌ని ఒక్క ప్రశ్న అడిగింది. ఈ నియమం ఇంకెంతమంది పిల్లల్ని ఇలా చేసింది?

రవీంద్రనాథ్ ల్యాప్‌టాప్ తెరిచి ఏదో టైపు చేశాడు. అంకె వచ్చాక ఒకసారి సరిచూసుకుని, తెరని అందరికీ కనబడేలా తిప్పాడు. రెండువేల మూడువందల పద్దెనిమిది జంటలు.

కొన్ని నిజంగానే నకళ్లు అయ్యుండొచ్చని హెర్ క్లైన్ నెమ్మదిగా అన్నాడు. ఏవి నకళ్లో పేజీలు తెరిస్తే గాని తెలియదని ఫహ్మీదా అంది. ఆ పొద్దున ఆమె నోరు విప్పడం అదే మొదలు. కుర్చీ లాక్కుని రవీంద్రనాథ్ పక్కన కూర్చుంది. జాబితాలో మొదటి వరుస మీద నొక్కింది. సిరా పాలిపోయిన పేజీ ఒకటి తెర మీదికొచ్చింది. ఆమె తెరకి దగ్గరగా వంగి, చేతిరాతని కూడబలుక్కుంది.

"మార్తా. వీవర్ అనేటోళ్ల కూతురు. 1871ల పోయింది. ఇంకో మార్తా 1873ల పుట్టింది." ఆగి, తేదీలు మళ్లీ చూసింది. "ఈమె వేరే పిల్ల సర్. రాసుకోండి."

రవీంద్రనాథ్ కొత్త వరుస తెరిచాడు.