బాబా బండికి నాలుగు చక్రాల గేరు

మా అబ్బాయి జానీ బాషా బండ్ల రిపేరు షెడ్డు గల్ఫ్‌లో, అల్ ఖూజ్‌లో, టైల్స్ గోడౌన్ వెనక సందులో ఉంది. రోజూ పొద్దున టీ ఫ్లాస్కు, నా నోటుబుక్కు తెచ్చుకుని కూలర్ పక్కన స్టూలు మీద కూర్చుంటాను. నాకు అరవై తొమ్మిదేళ్లు. బడి మొహం చూడలేదు. ఇక్కడ అరబ్బు ఇంట్లో వంట చేస్తూ, కడప నుంచి వచ్చే పచ్చళ్లకు చుట్టిన కాగితాలు చూసి యాభై దాటాక చదవడం నేర్చుకున్నాను. ఇప్పుడు మరుపు మొదలైంది. స్టవ్ ఆపానా, మాత్ర వేసుకున్నానా, అన్నీ రాసుకుంటాను. రాసుకున్న సంగతి మరిచిపోతానేమోనని పుస్తకానికి తాడు కట్టి మెడలో వేసుకుంటాను.

2023 ఏప్రిల్‌లో ఆ బండి వచ్చింది. ముందు సగం కారు, వెనక సగం ట్రక్కు. డెబ్బై ఎనిమిది మోడల్, లేత ఆకుపచ్చ రంగు. చెడిన బండ్లు మోసే రికవరీ బండి మీంచి దించుతుంటే నా చేతిలో టీ ఒలికింది. అది బాబాది. నేను పంతొమ్మిదేళ్లు వండిపెట్టిన ఇంటి యజమానిని అందరం బాబా అనేవాళ్లం.

తెచ్చింది ఆయన కొడుకు సుహైల్.

"దీనికి వెనక చక్రాలే లాగుతాయి. అందుకే మా నాన్న ఇసుకలో ఇరుక్కున్నాడు. నాలుగూ లాగేలా చెయ్యి జానీ" అన్నాడు. నాకు సలాం చెప్పాడు. నేను తల ఎత్తకుండా ఒలికిన టీ తుడిచాను.

ఎందుకో ఎవరికీ తెలియదు. పదహారేళ్ల కిందట ఒక మధ్యాహ్నం బాబా వంటింటి కిటికీ దగ్గర ఆగాడు. "దౌలత్, ఒంటెల కొట్టం వెనక ఎర్రదిబ్బలకు పోతున్నా. మగ్రిబ్ వేళకు రాకపోతే సుహైల్‌కి చెప్పు" అన్నాడు. మగ్రిబ్ అంటే పొద్దుగూకాక చేసే నమాజు. ఇసుకలోకి పోయేవాళ్లు ఎవరో ఒకరికి చెప్పి పోవడం ఇక్కడి పద్ధతి. ఆ రోజు ఇంటినిండా చుట్టాలు. సమోసాలు వేయిస్తూ మరిచిపోయాను. తెల్లవారి గుర్తొచ్చింది. అప్పటికే అందరూ వెతుకుతున్నారు. ఇప్పుడు చెబితే జైల్లో పెడతారని నోరు మూసుకున్నాను. మూడో రోజు శవంగా దొరికాడు. చక్రాల కింద చేతులతో తవ్వీ తవ్వీ గోళ్లు ఊడిపోయాయట.

జానీ పని మొదలుపెట్టాడు. షార్జా తుక్కు యార్డు నుంచి ఒక పాత జీపు గేరుబాక్సు, ముందు యాక్సిల్ తెచ్చాడు. అవి పట్టాలంటే బండిని జానెడు పైకి లేపాలి, లోపలి అడుగురేకు కోయాలి. రేకు కోయగానే ఎర్ర ఇసుక కారింది. ఊడ్చాం. మర్నాడు మళ్లీ అంతే ఇసుక. ఆ మర్నాడూ అంతే.

"పెద్దమ్మా, గీ బండి ఎడారినే మింగినట్టుంది గదా" అని నవ్వాడు మల్లేశ్. జానీ దగ్గర పనిచేసే కరీంనగర్ పిల్లాడు.

నేను నవ్వలేదు. ఇసుకలోంచి ఏలకుల కాఫీ వాసన వస్తోంది. బాబా తాగే కాఫీ.

జూన్‌లో ఎండకు మధ్యాహ్నం షట్టర్ దించి అందరూ అట్టల మీద పడుకునేవాళ్లు. లోపల చీకటి, వేడి రబ్బరు వాసన. నాకు నిద్ర పట్టేది కాదు. ఒకరోజు బండి కింద చప్పుడైంది.

గర్ర్... గర్ర్...

గోళ్లతో సిమెంటు గీకినట్టు. స్టాండ్ల మీద ఎత్తిపెట్టిన బండి వెనక చక్రాలు మెల్లగా తిరుగుతున్నాయి. విప్పి దించిన ఇంజిన్ ఇంకా బయటే ఉంది. నా చెవి పక్కనే ఎండిన గొంతు.

"దౌలత్... కిత్నా బజా?"

టైమెంతైందని అడుగుతున్నాడు. నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. జానీ నిద్ర లేచాక చెబితే, "కల కనింటావు మా" అన్నాడు. కలే అనుకుందామనుకున్నాను. పుస్తకంలో మాత్రం రాసుకున్నాను.

జూన్ చివర పని పూర్తయింది. సాయంత్రం నాలుగింటికి జానీ తాళాలు తీసుకున్నాడు.

"అమా, ఇసుకలో ఒకసారి చూసుకొని వస్తా. లహబాబ్ రోడ్డులో పెట్రోలు బంకు వెనకాల చిన్న దిబ్బలు. ఆడ సిగ్నల్ ఉండదు. మగ్రిబ్‌కు రాకుంటే మల్లేశ్‌కు చెప్పు."

స్టూలు మీంచి లేచాను.

"నాకు చెప్పొద్దు రా. వాడికే ఫోన్ చెయ్."

"వాడు షార్జా నుంచి బండి తోలుకుంటా వస్తాండాడు. నీ పుస్తకం ఉంది కదా, ఇంకేమి భయం?"

"ఇంకెవరికైనా చెప్పు రా..."

నవ్వుతూ వెళ్లిపోయాడు. పుస్తకంలో రాశాను. అరచేతిలో రాశాను. సుద్దముక్కతో గోడ మీద రాశాను. గడియారం మీంచి చూపు తిప్పలేదు. ఐదు. ఆరు. బయట గాలి లేచింది. షట్టర్ కింద నుంచి దుమ్ము పాకుతూ వచ్చింది. జానీ పేరు జపంలా అనుకుంటూ కూర్చున్నాను.

ఏడు దాటాక మగ్రిబ్ అజాన్ వినిపించింది. జానీ రాలేదు. మల్లేశ్ వచ్చాడు.

"ఏడికి పోయిండు పెద్దమ్మా?"

పుస్తకం తెరిచాను. ఆ పేజీలో చోటు పేరు లేదు. కాగితం గోళ్లతో గీకినట్టు చిరిగింది. మడతలో ఎర్ర ఇసుక. అరచెయ్యి చూశాను... చెమటకు సిరా కరిగిపోయింది. గోడ మీద సుద్ద, నాలుగు వేళ్ల గీతలుగా చెరిగిపోయింది. గుర్తు తెచ్చుకోవాలని తల కొట్టుకున్నాను. రాలేదు. ఒక్క అక్షరం రాలేదు.

"పెద్దమ్మా, జెల్ది చెప్పు! గీ ఎండల నీళ్లు లేకుంటే..."

"దౌలత్..." వెనక నుంచి. "కిత్నా బజా?"

అప్పుడు నా నోరు దానంతటదే తెరుచుకుంది. "ఒంటెల కొట్టం వెనక ఎర్రదిబ్బలు."

ఆ చోటు తెలిసింది సుహైల్‌కే. ఫోన్ చేశాను. జానీ అక్కడ ఉన్నాడన్నాను.

"ఆ చోటు నీకెవరు చెప్పారు?"

"మీ నాన్న. పదహారేళ్ల కిందట. నీకు చెప్పమన్నాడు... నేను చెప్పలేదు."

ఫోన్ కట్ అయింది.

సుహైల్, మల్లేశ్ వెళ్లి వెతికితే జానీ అక్కడే దొరికాడు. సొమ్మసిల్లి ఉన్నాడు, ప్రాణం ఉంది. నీళ్లు తాగించాక, "నేను బంకు కాడనే తిప్పినా మా. స్టీరింగు నా మాట వినలేదు. నాలుగు చక్రాలూ లాగుతానే ఉండాయి..." అన్నాడు. తలుపు తెరుచుకోలేదట, బండి దిగనే లేదట. కానీ నాలుగు చక్రాల కిందా మోచేతి లోతు గుంతలు తవ్వి ఉన్నాయని మల్లేశ్ చెప్పాడు. జానీ చేతులు పట్టుకుని చూశాను. గోళ్లు శుభ్రంగా ఉన్నాయి.

సుహైల్ బండిని తీసుకుపోలేదు. మళ్లీ షెడ్డుకే చేర్పించి వదిలేశాడు.

ఈ పొద్దున మాత్ర సంగతి చూసుకుందామని పుస్తకం తెరిచాను. కొత్త పేజీలో రేపటి తేదీ ఉంది. కింద ఒకే వాక్యం: మగ్రిబ్ వేళకు రాకపోతే చెప్పాలి.

చేతిరాత నాదే. ఎవరు రాకపోతేనో లేదు. ఎవరికి చెప్పాలో లేదు. ఎప్పుడు రాశానో... గుర్తు రావడం లేదు.