గురవి తెచ్చిన ఎండపెంకులు

కంచుకోన రాజ్యంలో పొయ్యి వెలిగించడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ధూమ్రాక్షుడనే రాక్షసుడు దేశంలోని నిప్పునంతా మింగేసి నల్లకొండ మీద తిష్ఠ వేశాడు. వాడు ఉమ్మిన నిప్పుకణికలతో తప్ప ఏ ఇంటా పొయ్యి రాజేది కాదు. ఆ కణికల పొగ, వంట చేసే మనిషి ఊపిరిని రోజుకింత లాక్కుని కొండకు మోసుకుపోయేది. వంట చేసేది ఆడవాళ్లు గనక రాజుగారికి ఈ సంగతి చాలా ఏళ్లు తెలియలేదు. తెలిశాక కూడా, భోజనం వేళకు అందుతోంది కదా అని ఊరుకున్నాడు.

ఆ రాజ్యంలో ఇళ్లకు పెంకులు కప్పే కాటయ్యకు గురవి అనే కూతురుంది. తల్లి నాంచారి గడప దాటి నాలుగడుగులు వేస్తే కూలబడిపోయేది.

"అమ్మ ఊపిరి అయిపోతోంది నాయనా," అని గురవి అంటే, "అన్ని ఇళ్లలోనూ ఉన్నదే కదా తల్లీ," అనేవాడు కాటయ్య.

పిల్లలూ, అందరికీ ఉంటే అది రోగమే కాదనుకునే మనుషులు వాళ్లు. గురవికి ఒళ్లు మండింది. సూర్యశిల అనే కొండ మీద ఒక ముని ఎండను పట్టి ఉంచే పెంకులు చేస్తాడని విని, ఒంటరిగా బయలుదేరింది.

ఎండ పొడ సోకని నీడలకోనలో రెండు తలల గండభేరుండం పక్షి ఒకటి దారికి అడ్డంగా కూర్చుని ఉంది. "ఎండపెంకులు ఇంటికి మంచివని నేనంటాను," అంది ఒక తల. "కావని నేనంటాను. నూరేళ్లుగా వాదించుకుంటున్నాం. నువ్వు తేల్చు," అంది రెండో తల.

"నన్ను కోన అవతల దించండి. తరువాత ఇంకో నూరేళ్లు వాదించుకోండి," అంది గురవి. ఆ మాటకు రెండు తలలూ మొదటిసారి ఒప్పుకున్నాయి.

సూర్యశిల మొదట్లో ధూమ్రాక్షుడే ఎదురయ్యాడు. వాడు కోపం తెచ్చుకోలేదు. ఇంటికొచ్చిన చుట్టంలా మెత్తగా మాట్లాడాడు. "పిచ్చిపిల్లా, ముసురు పడితే ఏం వండుకుంటావు? నా కణికలకు ఎండా వానా తేడా లేదు. నా మాట అబద్ధమా?"

"అబద్ధం కాదు. ముసురు పట్టిన రోజుల్లో అటుకులు తింటాం. మా అమ్మ మాత్రం మిగులుతుంది," అంది గురవి.

వాడు దారంతా పొగతో కమ్మేశాడు. ఆమె తడిగుడ్డ మొహానికి కట్టుకుని, పాకుతూ శిఖరం చేరింది.

ముని ఆమె చేత మూడు పగళ్లు కాలే బండ మీద మట్టి తొక్కించాడు. అరికాళ్లు బొబ్బలెక్కినా ఆమె దిగలేదు. చివరకు పెంకులు చేసే పద్ధతి నేర్పి, తొమ్మిది పెంకులు చేతికిచ్చాడు. "ఇంటికప్పు దక్షిణపు వాలున, నీడ పడని చోట పరుచు. వీటి వేడితో పొయ్యి వెలిగిన క్షణాన మీ ఇంటి నుంచి పోయిన ఊపిరంతా తిరిగొస్తుంది. అయితే అందుకోవడానికి మనిషి ఉండాలి."

"ఎన్నాళ్లు పడుతుంది స్వామీ?"

"నిచ్చెన ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో అంతే."

ఇల్లు చేరగానే కాటయ్య ఒక పెంకును వేలితో కొట్టి మోత విన్నాడు. కళ్లు మెరిశాయి. "ఇంత మంచి పెంకు నా జన్మలో చూడలేదు. కానీ ఇప్పుడు మూఢం తల్లీ. ఇంటికప్పు మీద చెయ్యి వేయకూడదు. ఇంకా ఇరవై రోజులుంది."

"అమ్మను చూడు నాయనా."

"ఆమె కోసమే చెబుతున్నా. మూఢంలో మొదలుపెట్టి ఏ కీడైనా జరిగితే?"

నాంచారి మాట మాటకూ ఆగుతూ అంది: "తొందరెందుకమ్మా. ఇన్నేళ్లు ఆగాను. ఇరవై రోజులు ఆగలేనా?"

రాక్షసుడికి ఎదురు చెప్పిన పిల్ల కన్నవాళ్లకు ఎదురు చెప్పలేకపోయింది. పెంకులు వాకిట్లో దొంతి పెట్టి ఉన్నాయి. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. గురవి పొయ్యి దగ్గరికి వెళ్తే, నీ ఊపిరెందుకు పాడు చేసుకుంటావని తల్లి గరిటె లాక్కునేది. పదిహేడో రోజు పొద్దున, ఆ గరిటె చేతిలో ఉండగానే, నాంచారి పొయ్యి పక్కన ఒరిగిపోయింది.

గురవి ఏడవలేదు. నిచ్చెన వేసి కప్పు ఎక్కింది. మూఢం ఇంకా మూడు రోజులుంది, ఇంట్లో చూస్తే మైల. అయినా కాటయ్య కింద నిలబడి ఒక్కొక్క పెంకూ అందించాడు.

పొయ్యి పొగ లేకుండా వెలిగింది. అప్పుడు కొండ మీది నుంచి నాంచారి ఊపిరి తిరిగొచ్చింది. వెచ్చగా వంటింట్లోకి వచ్చి, పొయ్యి చుట్టూ తిరిగి, చాప మీద పడుకోబెట్టిన మనిషి ముఖం దాకా వెళ్లింది. లోపలికి దారి లేక గడప దాటి వెళ్లిపోయింది. కాటయ్య రెండు చేతులూ చాచి దాని వెంట వాకిట్లోకి పరుగెత్తాడు.

ఆ తరువాత జరిగినదంతా మీరు వినాలనుకున్నట్టే ఉంటుంది. గురవి నేర్పగా ఊరూరా ఎండపెంకులు తయారయ్యాయి. పీల్చడానికి ఊపిరి దొరక్క ధూమ్రాక్షుడు బూడిదయ్యాడు. బిడ్డలు లేని రాజు సిగ్గుపడి గురవికి పట్టం కట్టాడు. ఆమె చక్కగా ఏలింది. సుఖంగా ఉందని మాత్రం నేను చెప్పను.

కాటయ్య కోటలో ఉండలేదు. నిచ్చెన భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి పెంకులు కప్పేవాడు. "మంచి రోజు చూసుకుని కబురు పెడతాం," అని ఏ ఇంటి యజమానైనా అంటే, "అలాగే బాబూ. మీ ఇంట్లో వంట చేసే ఆవిడను ఒకసారి బయటికి పిలవండి," అనేవాడు. ఆవిడ వంటింట్లోంచి వాకిట్లోకి నడిచొచ్చేలోగా నిచ్చెన గోడకు ఆనించేసేవాడు.