హంసిక చేతికి చుక్కాని

పడవ ఎంత మెల్లగా పోతోందంటే, గట్టు మీద కుక్కను నడిపించుకుంటూ వస్తున్న తాతగారొకరు దాన్ని దాటుకుని వెళ్ళిపోయారు.

"నాన్నా, ఆ తాతగారు మనల్ని ఓవర్‌టేక్ చేసేశారు!" అంది హంసిక.

"చేయనీ. మనకేం తొందర?" అన్నాడు వాళ్ళ నాన్న శశికాంత్. ఇంట్లో ఉంటే లాప్‌టాప్ ముందు నుంచి లేవని మనిషి. ఇక్కడ మాత్రం టోపీ వెనక్కి తిప్పుకుని పెద్ద కెప్టెన్‌లా నిలబడ్డాడు.

వాళ్ళది అమెరికాలోని నేపర్‌విల్. వేసవి సెలవులకి న్యూయార్క్ రాష్ట్రంలో ఉన్న ఈరీ కెనాల్‌కి వచ్చి, ఒక వారం కోసం కాలువ పడవను అద్దెకు తీసుకున్నారు. అదేం పడవనుకున్నారు! సన్నగా, పొడుగ్గా రైలుపెట్టెలా ఉంటుంది. అందులోనే వంటిల్లు, అందులోనే పడకలు, అందులోనే బాత్రూమ్. ఒకరు అటు వెళ్ళాలంటే ఇంకొకరు గోడకి అతుక్కుపోవాలి.

ఇల్లు కదులుతోంది కదా అని ఇంటిపని ఊరుకుంటుందా? పొద్దున లేస్తూనే నాన్న ఇంజన్ ఆయిల్ చూసి, పడవ అడుగున చేరిన నీళ్ళు పంపుతో తోడేస్తాడు. అమ్మ ప్రణీత గట్టు మీది కుళాయికి గొట్టం తగిలించి ట్యాంక్ నింపుతుంది. "నీళ్ళు చూసి వాడండి! స్నానాలు గబగబా కానివ్వండి!" అని అందర్నీ హడలగొడుతుంది.

ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ ఉమామహేశ్వరిది మాత్రం తన పద్ధతి తనదే. రోజూ చీర ఉతుక్కోవాల్సిందే, ఎండలో ఆరేసుకోవాల్సిందే. పడవ కప్పు మీద పొడుగ్గా పరిచి, అంచులకి క్లిప్పులు పెడుతుంది. సైకిళ్ళ మీద పోయేవాళ్ళు ఆ నీలం చీర చూసి "బ్యూటిఫుల్!" అంటే, "థాంక్యూ అమ్మా" అంటుంది.

హంసికకి ఒక్కటే కోరిక. చుక్కాని పట్టుకోవాలి. పడవ వెనకాల ఉండే పొడుగాటి ఇత్తడి పిడి అది. దాన్ని ఎడమకి నెడితే పడవ కుడికి తిరుగుతుంది, కుడికి నెడితే ఎడమకి. భలే తమాషా! ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచీ అడుగుతూనే ఉంది.

"లంచ్ అయ్యాక ఇస్తాను, ప్రామిస్. అప్పటిదాకా అల్లరి చేయకూడదు మరి," అన్నాడు నాన్న.

హంసిక పడవ ముందు వైపుకి వెళ్ళి కూర్చుంది. చెట్లు మెల్లమెల్లగా వెనక్కి జరుగుతున్నాయి. నీళ్ళలో ఇంకో ఆకాశం, ఇంకో చెట్ల వరస. వాటి మీద నుంచి పడవ మెత్తగా జారిపోతోంది. కళ్ళు సగం మూసుకుంటే తనే నీళ్ళ కింద ఊరికి రాణి. రాణికి ఒక గుడారం ఉండద్దూ?

పైన చీర ఉంది కదా!

కప్పు మీది క్లిప్పులు తీసేసింది. చీర ఒక కొస రెయిలింగ్‌కి ముడేసింది, ఇంకో కొస తలుపు పిడికి చుట్టింది. లోపలికి దూరింది. ఎండంతా నీలంగా మారిపోయింది. చేతులు నీలం, మోకాళ్ళు నీలం. ఒక చేప వచ్చి, "మహారాణీ, ఈ రోజు ఏ ఊరు వెళ్దాం?" అని అడిగింది. "మబ్బుల ఊరికి," అంది హంసిక. అది నిద్రా కాదు, మెలకువా కాదు.

ఇంతలో గాలి విసురుగా వచ్చింది. ముడులు ఊడిపోయాయి. హంసిక కళ్ళు తెరిచేసరికి నెత్తి మీద ఉత్త ఆకాశం! చీర నీళ్ళలో పడి, పడవ పక్కనే వెనక్కి పోతోంది.

"నాన్నా!" అని అరవబోయింది. అంతలో చుక్కాని గుర్తొచ్చింది. చెప్తే ఇంకేమైనా ఉందా? లంచ్ అయ్యాక చుక్కాని ఇవ్వనే ఇవ్వడు. అయినా అమ్మమ్మకి బోలెడు చీరలు. ఎవరూ చూడనే లేదు.

గట్టిగా నోరు మూసుకుంది.

ఇంకేముంది! అప్పటిదాకా హాయిగా డబడబలాడుతున్న ఇంజన్ ఒక్కసారిగా మూలిగింది. పడవంతా వణికింది. ఇంజన్ ఆగిపోయింది.

ముందేమో కాలువ మలుపు తిరుగుతోంది. ఇంజన్ ఆగిపోయాక నాన్న చుక్కాని ఎంత నెట్టినా పడవ తిరగడం లేదు. తిన్నగా రాళ్ళ గట్టు మీదికి పోతోంది.

"అందరూ పట్టుకోండి! అత్తయ్యగారూ, లేవకండి!" అని అరిచాడు.

ధన్! పప్పు గిన్నె దొర్లిపోయింది. అమ్మమ్మ తూలి పడబోయింది. అమ్మ గభాల్న పట్టుకుంది కాబట్టి సరిపోయింది.

నాన్న పొడుగాటి కర్రతో పడవను రాళ్ళ నుంచి తప్పించి, గట్టున చెట్టుకి తాడు కట్టాడు. ఇంజన్ పక్కన నేలలో ఒక చిన్న మూత ఉంటుంది. అది తీస్తే కింద నీళ్ళలో తిరిగే ఫ్యాన్ రెక్కలు చేతికి అందుతాయి. నాన్న బోర్లా పడుకుని చెయ్యి పెట్టాడు. బురదతో, నూనెతో నీలం గుడ్డ ముక్క బయటికి వచ్చింది.

"ఇది మా అమ్మ చీర!" అంది అమ్మ.

"అత్తయ్యగారూ, ఇకమీదట లోపలే ఆరేద్దామండీ," అన్నాడు నాన్న మెల్లగా.

అమ్మమ్మ మొహం చిన్నబోయింది. "క్లిప్పులు సరిగ్గానే పెట్టాననుకున్నాను బాబూ. ఈ మధ్య ఏం చేస్తున్నానో నాకే తెలియడం లేదు. మీ అందరినీ ఇబ్బంది పెట్టాను," అంది. తన చేతుల వంక చూసుకుంటూ కూర్చుంది.

హంసిక గుండె కలుక్కుమంది. ఎవరూ తనని అడగలేదు. ఊరుకుంటే చుక్కాని తనదే. కానీ అమ్మమ్మ అలా చేతులు చూసుకుంటుంటే ఎలా ఊరుకోవడం?

"నువ్వు కాదు అమ్మమ్మా! క్లిప్పులు నేనే తీశాను. టెంట్ కట్టుకున్నాను. పడిపోవడం చూశాను కూడా. నాన్న చుక్కాని ఇవ్వడేమోనని చెప్పలేదు. సారీ అమ్మమ్మా!" అంటూ ఏడ్చేసింది.

"అమ్మమ్మ పడిపోయి ఉంటే ఏమయ్యేదే?" అంది అమ్మ.

నాన్న చేతుల నూనె తుడుచుకున్నాడు. తర్వాత అన్నాడు. "పడగానే చెప్పుంటే చిటికెలో ఇంజన్ ఆపేసేవాణ్ణి, నాన్నా. చీర కర్రతో తీసేసుకునేవాళ్ళం."

అమ్మమ్మ ముక్కు ఎగబీల్చి, హంసికని దగ్గరికి లాక్కుంది. "దొంగపిల్లా! నాకు మతిమరుపు వచ్చేసిందని ఎంత హడలిపోయానో తెలుసా?" అంది.

ఆ మధ్యాహ్నమంతా హంసిక నాన్న పక్కనే బోర్లా పడుకుని టార్చ్ పట్టుకుంది. నాన్న రెక్కల నుంచి కోసి ఇచ్చిన చీర పీలికలన్నీ బకెట్లో వేసింది. ఒలికిన పప్పు తుడిచింది. చుక్కాని ఊసే ఎత్తలేదు.

మర్నాడు పొద్దున నీళ్ళ మీద పాలనురగలా పొగమంచు. పడవ దాన్ని చీల్చుకుంటూ పోతోంది.

"హంసీ, ఇలా రా. పట్టుకో," అన్నాడు నాన్న.

"నాకా?"

"ఇక్కడ ఇంకో హంసిక ఎవరైనా ఉన్నారా?"

ఇత్తడి పిడి చల్లగా ఉంది. ఇల్లంత పడవ తన చేతి కింద కదులుతుంటే హంసికకి ఒకటే సంబరం. నాన్న పక్కనే మెట్టు మీద కూర్చుని ఫ్లాస్క్‌లోంచి టీ వంపుకుంటున్నాడు.

రెల్లు పొదల్లోంచి పెద్ద కొంగ ఒకటి లేచింది. రెక్కలు చాపి మంచులోకి అలా అలా తేలిపోయింది. హంసిక దానితోపాటే ఎక్కడికో వెళ్ళిపోయింది. తిరిగి చూసేసరికి పడవ ముక్కు కుడిగట్టు వైపు పోతోంది. అక్కడ ఎవరిదో పడవ కట్టి ఉంది!

నాన్న ఇంకా చూడలేదు. టీలోకే చూస్తున్నాడు.

"నాన్నా, ఇటు చూడు! నేను కొంగను చూస్తూ ఉండిపోయాను. మన పడవ పక్కకి వెళ్ళిపోతోంది!" అని ఉన్నంత గొంతుతో అరిచింది.

నాన్న గబుక్కున లేచి ఇంజన్ వేగం తగ్గించాడు. పిడి మాత్రం లాక్కోలేదు.

"ఎటు నెట్టాలి?"

"కుడికి."

"అయితే నెట్టు మరి."

హంసిక బలమంతా పెట్టి నెట్టింది. పడవ ముక్కు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా ఎడమకి తిరిగింది. కట్టి ఉన్న పడవ వాళ్ళ పక్కనుంచి వెనక్కి జరిగిపోయింది.

నాన్న టీ గ్లాసు తీసుకుని మళ్ళీ మెట్టు మీద కూర్చున్నాడు. చుక్కాని హంసిక చేతిలోనే ఉంది.